పద్నాలుగు వారాల మాట

హలో… మేడమ్? ఆ, నేనే… నేనేనండీ, చక్రాల కంపెనీ నుంచి. దయచేసి పెట్టేయకండి.

…

తెలుసండీ. నా నంబరు చూసి ఎత్తకూడదనే అనుకుని ఉంటారు. ఎత్తారు, అదే పదివేలు.

…

బాగా లేదు మేడమ్. ఏదీ బాగా లేదు. మెట్ల కింద నిలబడి మాట్లాడుతున్నాను, ఖాళీ అట్టపెట్టెలు పడేసే చోట. పైన మీటింగు గదిలో వాళ్ళు కూర్చుని ఉన్నారు. ముగ్గురు.

…

ఆ, వాళ్ళే. రెండేళ్ళు మీరు ఉత్తరాలు రాసి, గంటలు గంటలు ఫోన్లో మాట్లాడి ఇక్కడిదాకా రప్పించినవాళ్ళే. పొద్దున విమానం దిగారు. నాలుగింటికి కారు వస్తుంది. ఎక్కారంటే ఇంక మన మొహం చూడరు.

…

ఇప్పుడు మూడూ పది.

…

లేదండీ, మీకు ఫోన్ చెయ్యమని నాకెవరూ చెప్పలేదు. ఓనరుగారికి తెలీదు కూడా. ఆయన వాళ్ళ ఎదురుగా కూర్చుని నవ్వుతున్నారు. గంట నుంచి అదే నవ్వు. దవడలు పట్టేసి ఉంటాయి పాపం. మధ్యలో నన్ను వరండాలోకి లాక్కొచ్చి ఒకే ఒక్క మాటన్నారు — "చెడగొట్టింది నువ్వు, కారు వచ్చేలోపు బాగుచెయ్యాల్సిందీ నువ్వే" అని.

…

అవును. మిమ్మల్ని వద్దన్నదీ నేనే.

…

దాచనండీ. "ఈ మీటింగుకి ఇంటర్‌ప్రెటర్ ఎందుకు? వాళ్ళ మర్యాదలన్నీ నేను కోర్సులో నేర్చుకున్నాను, భాష సంగతి ఫోన్లో యాప్ చూసుకుంటుంది" అన్నాను. మీరు పక్క గదిలోనే ఉన్నారని అప్పుడు తెలీదు. మర్నాడు తెలిసింది. తెలిసి కూడా ఫోన్ చెయ్యలేదు. అవసరం నెత్తిమీదికొచ్చాక ఇవాళ చేస్తున్నాను. సిగ్గులేనిదాన్ని అనుకోండి. ఎంతైనా తిట్టండి… కానీ నాలుగు దాటాక తిట్టండి మేడమ్. మీ కాళ్ళు పట్టుకుంటాను.

…

సరే. సరే… చెబుతాను. మొదటినుంచీ చెబుతాను.

…

లేదు, విజిటింగ్ కార్డుల దగ్గర ఏ తప్పూ జరగలేదు. రెండు చేతులతో ఇచ్చాను, అక్షరాలు వాళ్ళవైపు ఉండేలా. వాళ్ళవి తీసుకుని, చదివి, బల్ల మీద వరసగా పెట్టుకున్నాను. జేబులో కుక్కుకోలేదు. వాళ్ళలో పెద్దాయన్ని తలుపుకి దూరంగా ఉన్న కుర్చీలో కూర్చోబెట్టాను. ఆయన కప్పు ఎత్తేదాకా మేమెవరం కప్పు ముట్టుకోలేదు. నమస్కారానికి ఎంత వంగాలో అంతే వంగాను. నెల రోజులు అద్దం ముందు వంగీ వంగీ నడుం పట్టేసింది, నమ్మండి!

…

ఆ. పెద్దాయన కూడా వంగారు. బాగానే మొదలైంది.

…

తర్వాత ఎన్నాళ్ళలో సరుకు ఇస్తారని అడిగారు. ఆసుపత్రి మంచాలకీ స్ట్రెచర్లకీ వేసే చక్రాలు, పన్నెండు వేలు. పద్నాలుగు వారాలు అన్నాను. వర్క్‌షాపు వాళ్ళు ముందే లెక్కేసి ఇచ్చిన మాట అది.

…

ఏమీ అనలేదు. పెద్దాయన కళ్ళు దించుకుని కూర్చున్నారు. నేను చూశాను, చూశాను… గోడ గడియారం చప్పుడు తప్ప ఏం లేదు. నచ్చలేదనుకున్నాను. "పది వారాల్లో ఇవ్వగలం" అన్నాను.

…

మళ్ళీ అంతే. ఉలుకూ పలుకూ లేదు. "ఎనిమిది" అన్నాను.

…

అవునండీ… నేనే. ఎవరూ అడగలేదు. వాళ్ళు తగ్గించమని ఒక్క మాట కూడా అనలేదు.

…

ఆరు. చివరికి ఆరు దగ్గర ఆగాను.

…

నవ్వకండి మేడమ్.

…

నవ్వట్లేదా… సారీ. ఏడుస్తున్నానేమో, ఏది ఏమిటో తెలియట్లేదు.

…

ఆలోచిస్తున్నారా? అంతేనా? నచ్చకపోవడం కాదా?

…

అంత పెద్ద మాట చెబితే వెంటనే జవాబిచ్చేవాడు తేలిక మనిషి కింద లెక్కా… అయ్యో. ఆయన నాకు మర్యాద ఇస్తుంటే, నేనేమో… ఇదెక్కడా చెప్పలేదు కోర్సులో. కార్డు ఏ చేత్తో పట్టుకోవాలో గంటసేపు చెప్పారు. ఊరుకోవడం గురించి అర నిమిషం కూడా చెప్పలేదు.

…

అంటే ఇప్పుడు వెళ్ళి, "ఆరు కాదు పద్నాలుగు" అని చెప్పేస్తే సరిపోతుందా?

…

ఇంకేం జరగలేదండీ.

…

ఇంకేం లేదు… వర్క్‌షాపు నుంచి ఎవరున్నారంటే… మేస్త్రీగారు ఉన్నారు. ఓనరుగారే కూర్చోమన్నారు, ఏదైనా అడిగితే చెప్పడానికని.

…

మీకెలా తెలుసు?

…

ఆయనే చెప్పారా? "మా మరదలు, ఆఫీసులో పెద్ద ఉద్యోగం" అనా? నేను వద్దన్నాను మేడమ్. ఇక్కడ ఎవరికీ చెప్పొద్దన్నాను. ఆఫీసులో నేను ఆయన్ని మేస్త్రీగారూ అనే పిలుస్తాను. ఆయన కూడా మేడమ్ అనే అంటారు నన్ను… అందరి ముందూ.

…

అక్క పెళ్ళయ్యేనాటికి నాకు తొమ్మిదేళ్ళు. ఇంట్లో ఇంకెవరూ లేరు. అక్కతోపాటు నన్నూ, నా పుస్తకాల సంచీనీ కూడా తీసుకెళ్ళారాయన. సైకిల్ మీద ముందు నేను, వెనక అక్క. ఈ ఉద్యోగం కూడా… ఓనరుగారి గది బయట రెండు రోజులు నిలబడ్డారు, నన్ను ఒక్కసారి చూడమని.

…

వస్తున్నా. అక్కడికే వస్తున్నా. నోరు రావట్లేదు మేడమ్.

…

నేను ఆరు వారాలు అనగానే బావగారు నా వైపు కొంచెం వంగి, మెల్లగానే అన్నారు, మన భాషలోనే — "అమ్మాయ్, ఆరు వారాల్లో అవ్వదురా. అచ్చులోంచి తీశాక రబ్బరు కుదురుకోవాలి. ఒక్కో రకాన్నీ బరువు పెట్టి తిప్పి చూడాలి. తొందరపడి పంపితే, ఎవరినో పడుకోబెట్టుకుని పరుగెడుతుంటే చక్రం బిగుసుకుపోతుంది" అని.

…

నేనా? నేను…

…

"మీరు నోరు ముయ్యండి" అన్నాను. "నూనె చేతులతో వచ్చి ఇక్కడ కూర్చోవడమే ఎక్కువ, మాట్లాడమని ఎవరన్నారు?" అన్నాను. గట్టిగా. వేలు కూడా చూపించానేమో.

…

మేడమ్?

…

ఉన్నారు కదా… ఆ. వాళ్ళకి మన మాటలు అర్థం కాలేదు, అదొక్కటే అనుకున్నాను. కానీ ముగ్గురూ తలెత్తి చూశారు. పెద్దాయన పక్కనున్న కుర్రాడితో ఏదో అన్నారు. ఆ కుర్రాడు ఇంగ్లీషులో నన్నడిగాడు, ఈయన ఎవరని.

…

"పట్టించుకోకండి. కింద పనివాడు" అన్నాను.

…

ఆ. బావగారికి ఆపాటి ఇంగ్లీషు వచ్చు. నా పుస్తకాలకి అట్టలు వేసేటప్పుడు నా దగ్గరే నేర్చుకున్నారు.

…

లేచారు. కుర్చీని చప్పుడు కాకుండా లోపలికి జరిపారు. వెళ్ళిపోయారు. ఆయన లేవగానే… మేడమ్, ఆ పెద్దాయన కూడా లేచి నిలబడ్డారు! డెబ్బై ఏళ్ళుంటాయి. బావగారు తలుపు దాటేదాకా అలాగే నిలబడ్డారు. నేనేమనుకున్నానో తెలుసా? కాళ్ళు తిమ్మిరెక్కాయేమో అనుకున్నాను. అంత మొద్దుని.

…

కూర్చుని, పుస్తకం మూసేశారు. పెన్నుకి మూత పెట్టారు. కారు కొంచెం ముందే రాగలదా అని అడిగించారు. అంతే. అప్పట్నుంచీ గదిలో ఓనరుగారి నవ్వొక్కటే మిగిలింది.

…

చెప్పండి మేడమ్, ఏం చెయ్యను? క్షమాపణ ఎలా అడగాలి వాళ్ళ పద్ధతిలో? ఎంతసేపు వంగి ఉండాలి? మోకాళ్ళ మీద కూర్చోవాలా? కూర్చుంటాను. ఏదైనా బహుమతి… పక్క వీధిలో కొట్టు ఉంది, పరుగెత్తుకెళ్ళి తెస్తాను. చుట్టే కాగితం ఏ రంగుదైతే మంచిది?

…

వాళ్ళకి కాదా?

…

బావగారికా ముందు? అడుగుతానండీ, తప్పకుండా అడుగుతాను, ఇంటికెళ్ళాక… అక్క కూడా ఉంటుంది… కానీ ఇప్పుడు టైము మూడూ ఇరవై దాటింది మేడమ్! ఈ ఆర్డరు లేకపోతే వచ్చే నెలకి వర్క్‌షాపు మూసేస్తారు. నలభై మంది. రెండు నెలలుగా మిషన్లు సగం ఖాళీగానే ఉన్నాయి. ముందు వీళ్ళ సంగతి…

…

ఓ! అర్థమైంది. బావగారిని పైకి తీసుకొచ్చి, వాళ్ళు చూస్తుండగా అడగాలి. వాళ్ళ ముందే చేసిన తప్పు కాబట్టి వాళ్ళ ముందే… పెద్దాయన చూస్తారు, మనసు కరుగుతుంది…

…

మేడమ్?

…

హలో? వినిపిస్తోందా? సరే, వాళ్ళ ముందు వద్దంటే ఓనరుగారి ముందు అడుగుతాను. లేదంటే కాగితం మీద రాసిస్తాను. లేదంటే ఓనరుగారి చేత చెప్పిస్తే—

…

…మళ్ళీ అదే చేస్తున్నాను కదూ.

…

సరే. నోరు మూసుకుంటాను. మీరు ఆలోచించండి.

…

…

ఊఁ.

…

అవును. ఎవరికీ చూపించడానికి కాదు. ఆయన కోసం.

…

వెళ్తున్నాను. పెట్టేయకండి మేడమ్, ఒక్కదాన్నే వెళ్ళలేను. ఫోన్ చేతిలోనే ఉంటుంది. మీరు మాట్లాడక్కర్లేదు. అలా ఉండండి చాలు.

…

వర్క్‌షాపు గుమ్మం దగ్గరికొచ్చాను. మిషన్లన్నీ ఆపేశారు. ఎవరూ నా వైపు చూడట్లేదు. చూడకపోవడమే భయంగా ఉంది… బావగారు కుళాయి దగ్గర ఉన్నారు. చేతులు కడుక్కుంటున్నారు. పనిముట్ల పెట్టె సర్దేసి గోడకి ఆనించి పెట్టారు.

…

బావగారూ…

…

బావగారూ, నేను. ఇటు చూడండి. …చూడకపోయినా సరే. నేను పైన అన్న మాట… వాళ్ళు వెళ్ళిపోతున్నారని కాదు నేను వచ్చింది… కాదు. అందుకే వచ్చాను. అబద్ధం చెప్పను. ఆర్డరు పోతోంది, నా ఉద్యోగం పోతోంది, ఆ భయంతోనే మెట్లు దిగాను. కానీ ఇక్కడికొచ్చి మిమ్మల్ని చూశాక…

…

ఇంక కడగకండి బావగారూ. పోయింది. ఎప్పుడో పోయింది నూనె. సబ్బుబిళ్ళ ఇలా ఇవ్వండి… ఎర్రగా కందిపోయాయి చూడండి చేతులు. ఎంతసేపట్నుంచి కడుగుతున్నారు?

…

తప్పు చేశాను. మిమ్మల్ని పనివాడన్నాను. పనివాడన్నందుక్కాదు… మీరు పనివాళ్ళే, అందులో చిన్నతనం ఏముంది? నా మనిషి అని చెప్పుకోడానికి సిగ్గుపడ్డాను. చాలా ఏళ్ళ నుంచీ పడుతున్నాను. మీకు తెలుసు కదా. తెలిసీ నన్ను ఒక్కమాట అనలేదు.

…

…

…

ఆ?

…

అలాగే. …అలాగే బావగారూ. అక్కకి మీరు చెప్పకండి, నేనే చెబుతాను. ఇవాళే చెబుతాను.

…

మేడమ్, ఉన్నారా? క్షమించానని అనలేదు. క్షమించననీ అనలేదు. "నా సంగతి తర్వాత చూసుకుందాం, ఆరు వారాలన్న మాట ముందు వెనక్కి తీసుకో, దానివల్ల ఎవరో పడిపోతారు" అన్నారు. ఇప్పటికీ ఆయనకి ఆ చక్రం గొడవే.

…

వస్తానంటున్నారు. పైకి వచ్చి, రబ్బరు సంగతి తనే చెబుతానంటున్నారు. నేను రమ్మనలేదు మేడమ్, ఒట్టు. ఆయనే చేతులు తుడుచుకుని బయల్దేరారు.

…

మూడూ నలభై. మేడమ్, నాకొక్క సాయం. ఈసారి యాప్ వద్దు. నేను చెప్పేది మీరు వాళ్ళ భాషలో చెబుతారా? ఫోన్ బల్ల మీద పెడతాను, గట్టిగా వినిపించేలా.

…

తగ్గించకుండా, పెంచకుండా. నేనెంత చెబితే అంత. ఎంత అసహ్యంగా ఉన్నా అంతే.

…

మెట్లెక్కుతున్నాం. బావగారు ముందు, నేను వెనక. …తలుపు తీస్తున్నాను.

…

అయ్యా… క్షమించండి. ఫోన్లో ఉన్నది మీకు రెండేళ్ళుగా తెలిసిన మేడమ్. నా మాటలు ఆవిడ మీకు చెబుతారు.

…

సరుకు తయారు కావడానికి పద్నాలుగు వారాలు పడుతుంది. ఆరు వారాలన్నది నేను భయంతో చెప్పిన అబద్ధం. మీరు మౌనంగా ఉంటే మీకు నచ్చలేదనుకున్నాను. ఆరు వారాల్లో చేస్తే ఆ చక్రాలు మంచివి కావు.

…

ఈయన మా వర్క్‌షాపు మేస్త్రీ. మా అక్క భర్త. తొమ్మిదేళ్ళప్పటి నుంచి నన్ను పెంచింది ఈయనే. ఇందాక ఈయన నాతో అన్నది నిజం. ఆ నిజం చెప్పినందుకు నేను ఈయన్ని మీ అందరి ముందూ అవమానించాను.

…

మొత్తం చెప్పండి మేడమ్. అవమానించానన్న మాట కూడా.

…

అంతే. ఇంక నేను చెప్పేదేమీ లేదు.

…

…

…

…

…బావగారూ, మిమ్మల్నే అడుగుతున్నారట. రబ్బరు ఎన్నాళ్ళు కుదురుకోనిస్తారు అని. మీరు చెప్పండి. మేడమ్ వింటున్నారు. నిదానంగా చెప్పండి, తొందరేం లేదు.

…

…

ఏమంటున్నారు మేడమ్?

…

కిందికా? ఇప్పుడా? ఓనరుగారూ, వర్క్‌షాపు చూస్తారట. చక్రాలు తిప్పి పరీక్ష చేసే యంత్రం చూస్తారట… అటు కాదండీ, ఇటు మెట్లు. జాగ్రత్త, ఆ మెట్టు కొంచెం ఎత్తు.

…

మేడమ్, బయటికొచ్చాను. వర్క్‌షాపు గుమ్మం పక్కన నిలబడ్డాను. నన్ను లోపలికి రావద్దన్నారు.

…

ఓనరుగారు. "వాళ్ళ సంగతి ఇంక నువ్వు చూడక్కర్లేదు" అన్నారు. రేపట్నుంచి ఉత్తరాలన్నీ మీరే రాయాలట, మీ ఇంటికొచ్చి అడుగుతారట. నన్ను ఏం చేస్తారో చెప్పలేదు. నేనూ అడగలేదు.

…

అయ్యో, నా కోసం మాట్లాడకండి మేడమ్. దయచేసి. మీరు రండి, అంతే. వాళ్ళకి మీరు కావాలి.

…

ఆర్డరు ఇచ్చారో లేదో తెలీదు. లేదనైతే అనలేదు. ఎనిమిది చక్రాలు తీసుకెళ్ళి తమ దగ్గర తిప్పి చూసుకుంటారట. జవాబు నెల తర్వాతే. నెల రోజులు మేడమ్! ఈ నలభై మందికి నేను రోజూ ఎదురుపడాలి.

…

కారు వచ్చేసింది. డ్రైవరు హారన్ కొడుతున్నాడు, వాళ్ళు కదలట్లేదు. పెద్దాయన కోటు విప్పేసి యంత్రం పక్కన గొంతుక్కూర్చున్నారు. బావగారు కూడా. ఇద్దరూ ఒకే చక్రం వైపు చూస్తున్నారు. భాష తెలీదు, ఏం మాట్లాడుకుంటున్నారో… ఆయన వేలు చూపిస్తే ఈయన తలూపుతున్నారు.

…

భయంగానే ఉందండీ. తగ్గలేదు. సాయంత్రం అక్క మొహం ఎలా చూడాలో, ఏ మాటతో మొదలుపెట్టాలో…

…

ఊఁ. అలాగే. ముందు తను ఏమంటుందో వింటాను. మధ్యలో అడ్డం పడను.

…

మేడమ్, ఒక్క నిమిషం… బావగారు పిలుస్తున్నారు. నన్నే. చెయ్యి ఊపుతున్నారు.

…

బరువు పైకెత్తి పట్టుకోవాలట, ఇద్దరు కావాలట. చుట్టూ అంతమంది ఉన్నారు, నన్ను పిలుస్తున్నారు. ఓనరుగారు వద్దన్నట్టు చూస్తున్నారు… బావగారు అటు చూడనే లేదు.

…

వస్తున్నా బావగారూ! …నా కోటుకి నూనె అంటుతుంది, విప్పేస్తాను. మేడమ్, దీనికి రెండు చేతులూ కావాలి. ఫోన్ ఇక్కడ బల్ల మీద పెట్టేస్తున్నాను—